కుప్పింటాకు పిల్లి, చారన్నం కుక్క

పిల్లికి మత్తెక్కించే కలుపు మొక్క

పెరట్లో మొలిచిన కుప్పింటాకు మొక్కను పీకి, మట్టి దులిపి, వేరు పైకి ఉండేలా గట్టు మీద పడేయండి. చుట్టుపక్కల పిల్లి ఉంటే వాసన పట్టి వస్తుంది. వేరును నాకుతుంది, నములుతుంది, బుగ్గలు రాస్తుంది, చివరికి దాని మీదే పడి దొర్లుతుంది. దాని మోజంతా వేరు మీదే. మురిపిండి అనీ హరితమంజరి అనీ పిలిచే ఈ మొక్క ఆకును మన పెద్దవాళ్లు గజ్జికీ తామరకీ నూరి పూశారు. వేరు సంగతి మాత్రం పిల్లులకే ఎక్కువ తెలుసు. అందులో ఐసోడైహైడ్రోనెపెటాలాక్టోన్ అనే పదార్థం ఉంది. పెట్ షాపుల్లో డబ్బాల్లో పెట్టి అమ్మే క్యాట్‌నిప్‌లోని నెపెటాలాక్టోన్‌కు ఇది దగ్గరి చుట్టం. గేటు పక్కన ఊరికే మొలిచేదాన్ని పీకి పారేసి, అదే పని చేసే విదేశీ పొడిని డబ్బు పోసి కొనుక్కొస్తున్నాం.

ఒక జాగ్రత్త మనుషులకు: జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవారు ఈ ఆకు కషాయం తాగితే ఎర్ర రక్తకణాలు పగిలిపోయిన సందర్భాలున్నాయి.

ఆ దొర్లుడు ఎందుకంటే

పిల్లి అలా దొర్లడం వట్టి సరదా అనే చాలాకాలం అనుకున్నారు. జపాన్‌లో మతతాబి అనే తీగ ఉంది, అక్కడి పిల్లులకు అదంటే ప్రాణం. ఇవాతె విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఆ ఆకులోని నెపెటాలాక్టాల్‌ను వేరుచేసి, పిల్లులకు చూపించి, 2021లో ఫలితాలు ప్రచురించారు. ఆకును రుద్దుకున్న పిల్లుల తల మీద దోమలు తక్కువగా వాలాయి. అంటే పిల్లి మత్తులో తూగుతూనే ఒంటికి దోమల మందు పూసుకుంటోందన్నమాట. సులభంగా ‘ప్రకృతి వైద్యం’ అని పిలవదగ్గది ఏదైనా ఉంటే ఇదే. వైద్యుడు, రోగి, మందు అన్నీ ఒకచోటే.

గరిక మేసే కుక్క

కుక్క గడ్డి తింటే కడుపులో బాగాలేదనీ, కక్కడానికే తింటుందనీ ఇంటింటా చెబుతారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ క్యాంపస్ పశువైద్యులు 1,500 మందికి పైగా కుక్కల యజమానులను అడిగి 2008లో లెక్క తేల్చారు. గడ్డి తినే ముందు జబ్బుగా కనిపించిన కుక్కలు నూటికి 8. తిన్నాక తరచూ కక్కేవి నూటికి 22. మిగతావి హాయిగా తిని, హాయిగా అరిగించుకున్నాయి. తోడేళ్లు కూడా గడ్డి తింటాయి కనుక, పేగుల్లోని పురుగులను ఊడ్చుకోవడానికి పూర్వం పడిన అలవాటు కావచ్చని వాళ్ల ఊహ. మందు కొట్టిన పార్కు గడ్డి కాకుంటే చాలు.

గుర్రాల డాక్టరు చేతిలో హోమియో

హోమియోపతి అనగానే తెలుగువాళ్లకు చిన్న గాజు సీసాలు, తెల్లటి గుళికలు, గుడివాడ కాలేజీ గుర్తుకొస్తాయి. హాస్యనటుడు అల్లు రామలింగయ్య హోమియో వైద్యం చేసేవారని, రాజమండ్రి ప్రభుత్వ హోమియో కళాశాలకు ఆయన పేరే ఉందని చాలామందికి తెలుసు. పశువులకూ ఈ వైద్యం చేయవచ్చన్న ఆలోచన ఎంత పాతదో అంతగా తెలియదు. జర్మనీలో సామ్యూల్ హానిమన్ తన మూలగ్రంథం ‘ఆర్గనాన్’ను 1810లో వెలువరించాడు. సాధుజంతువుల చికిత్స గురించి ఆయన రాసుకున్న ఉపన్యాసం రాతప్రతి లైప్‌జిగ్‌లో దొరికింది. ఆ ఊళ్లోనే విల్‌హెల్మ్ లుక్స్ అనే పశువైద్యుడు గురువును మించిపోయాడు. జబ్బు లక్షణాలను పోలిన లక్షణాలు పుట్టించే మందు ఇవ్వాలన్నది హానిమన్ సూత్రం. లుక్స్ అయితే జబ్బుపడ్డ పశువు రక్తాన్నో స్రావాన్నో తీసి, పలుచన చేసి, అదే జబ్బుకు తిరిగి ఇమ్మన్నాడు. 1833లో పుస్తకమే వేశాడు. ‘నోసోడ్’ అనే తరహా మందులకు బలమైన పునాది పడింది అక్కడే.

సీసాలో ఏముంది?

సీసా మీద 30సి అని ఉంటే, మూల పదార్థాన్ని నూరో వంతుకు పలుచన చేయడాన్ని ముప్పైసార్లు చేశారని అర్థం. అంటే 1 పక్కన 60 సున్నాల వంతు. ఒక మోల్ పదార్థంలో ఉండే అణువుల లెక్క 6 పక్కన 23 సున్నాల దగ్గర ఆగిపోతుంది. 12సి దాటాక మూల పదార్థపు అణువు ఒక్కటైనా మిగిలే అవకాశం చాలా తక్కువ. హోమియో వైద్యులు దీన్ని కాదనరు. నీటికో చక్కెరకో మందు గుణం అంటుతుందంటారు. 2017 నవంబరులో బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ వెటర్నరీ సర్జన్స్ ఒక ప్రకటన చేసింది: హోమియోపతికి గుర్తింపు పొందిన ఆధారాలు లేవు, రుజువున్న వైద్యాన్ని పక్కన పెట్టి దాన్ని వాడకూడదు. ఆ ప్రకటన మీద అక్కడి హోమియో పశువైద్యులు గట్టిగానే గొడవ చేశారు.

తీపి తెలియని రోగి

హోమియో గుళిక చేసేది చక్కెరతో. పిల్లలు ఇంకోటి ఇమ్మని చెయ్యి చాపుతారు. పిల్లి చాపదు, ఎందుకంటే దానికి తీపి తెలియదు. తీపిని పసిగట్టే గ్రాహకాన్ని తయారుచేసే రెండు జన్యువుల్లో ఒకటి పిల్లి జాతి మొత్తంలో చెడిపోయి ఉందని అమెరికాలోని మోనెల్ కేంద్రం పరిశోధకులు 2005లో కనుక్కున్నారు. పులికీ అంతే. మీ పిల్లి ఐస్‌క్రీం నాకితే అది కొవ్వు కోసం.

ముష్టి గింజ

మన అడవుల్లో ముష్టి చెట్టు ఉంది. నారింజ రంగు పండు, లోపల బొత్తాముల్లాంటి చదునైన గింజలు. ఆ గింజల్లోని స్ట్రిక్నిన్ నరాలను పట్టి ఒళ్లంతా కొయ్యబార్చి చంపుతుంది. మన దేశంలో పురపాలక సిబ్బంది వీధికుక్కలను చంపడానికి ఒకప్పుడు వాడిన విషం ఇదే. జంతు జనన నియంత్రణ నిబంధనలు 2001లో వచ్చాక చంపడం మాని, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి వదలాలన్నారు. అదే గింజ నుంచి తీసిన నక్స్ వామికా, హోమియో షాపుల్లో అజీర్తికి అన్నిటికంటే ముందు చేతికొచ్చే మందు. కుక్క పెళ్లిభోజనం ఎంగిలాకులన్నీ నాకి పడుకుంటే దానికీ అదే ఇస్తారు. 30సి గుళికలతో విషభయం లేదు, కారణం పైన చెప్పిందే. శుద్ధి తెలియని చేతుల్లో నాటుగా నూరిన గింజ మాత్రం వేరే కథ.

పులిపిర్లు, తూజా, కాలం

కుక్కపిల్ల పెదవుల మీద, నోట్లో కాలీఫ్లవర్ ముక్కల్లాంటి పులిపిర్లు లేస్తాయి. పాపిలోమా వైరస్ పని. చూసిన యజమాని హడలిపోతాడు, ఎవరో తూజా అనే హోమియో మందు చెబుతారు. నెలా రెండు నెలల్లో పులిపిర్లు రాలిపోతాయి. తూజా పేరు వీధంతా మోగుతుంది.

అసలు సంగతి ఏమిటంటే, కుక్కపిల్ల ఒంట్లో ఆ వైరస్‌ను తట్టుకునే శక్తి తయారవగానే ఇవి వాటంతటవే పోతాయి. మామూలుగా ఒకటి నుంచి ఐదు నెలలు. తూజా వేసినా పోతాయి, వేయకపోయినా పోతాయి, యజమాని దిష్టి తీసినా పోతాయి. ఇలా తనంతట తగ్గిపోయే జబ్బులకే ఎక్కువ మందులుంటాయని నా అనుమానం. తనంతట తగ్గనిది ఆరు నెలలు దాటినా మొండికేసిన పులిపిరి. అప్పుడు డాక్టరు దాన్ని కోసి పరీక్షకు పంపాలి.

టపాసుల రాత్రి

దీపావళికి మంచం కింద దూరే కుక్కల బాధ అందరికీ తెలుసు. బ్రిటన్‌లో బాణాసంచాకు భయపడే 75 కుక్కల మీద ఒక పరీక్ష చేశారు. కొన్నింటికి హోమియో మందు, కొన్నింటికి మందు లేని ద్రవం. ఏది ఎవరికి వెళ్లిందో యజమానులకూ తెలియదు, పరిశోధకులకూ తెలియదు. 2008లో ఫలితం వచ్చింది. భయాన్ని సూచించే 15 లక్షణాల్లో మందు తీసుకున్న కుక్కలు పదిహేనింటిలోనూ మెరుగుపడ్డాయని యజమానులు రాశారు. ఉత్త ద్రవం తాగిన కుక్కలు పద్నాలుగింటిలో మెరుగుపడ్డాయట! రెంటికీ తేడా లేదు. వేళకు మందు పోస్తూ, కుక్కను కనిపెట్టుకుని ఉంటూ, రోజూ రాసుకుంటూ ఉన్నవాళ్ల కళ్లకు కుక్క కుదుటపడ్డట్టే కనిపించింది. బహుశా నిజంగానే కొంత కుదుటపడిందేమో, పక్కన మనిషి ఉన్నాడు కదా.

కుంటి కుక్క, ఆశపడే కళ్లు

కీళ్లవాతంతో కుంటే కుక్కల మీద ఇలాంటి పనే 2012లో అమెరికాలో జరిగింది. నేలలో బరువు కొలిచే పలక అమర్చి, దాని మీదుగా కుక్కలను నడిపించారు. ఏ కాలు మీద ఎంత బరువు పడుతోందో యంత్రం చెబుతుంది, దానికి మొహమాటం లేదు. మందు లేని మాత్ర తిన్న కుక్కలను చూసి యజమానులు చాలామంది ‘తగ్గింది’ అన్నారు. యంత్రం తగ్గలేదంది. ఇంతవరకూ ఆశ్చర్యం లేదు. పరీక్షించిన పశువైద్యులు కూడా దాదాపు అంతే తరచుగా పొరబడ్డారన్నది అసలు విశేషం. కుక్కకు మాత్ర మీద నమ్మకం ఉండదు కాబట్టి జంతువులో వచ్చిన గుణం నిజమైనదే అన్న వాదన చాలాకాలం చెల్లుబాటైంది. నమ్మకం ఉండాల్సింది కుక్కకు కాదు, చూసే మనిషికి.

పిచ్చికుక్క సొంగతో మందు

లుక్స్ పుస్తకం వచ్చిన 1833లోనే, కాన్‌స్టంటైన్ హెరింగ్ అనే హోమియో వైద్యుడు పిచ్చికుక్క లాలాజలం నుంచి లిస్సిన్ అనే మందు తయారుచేశాడు. పాశ్చర్ టీకా ఒక మనిషికి మొదటిసారి వేసింది 1885 జులైలో. అంటే 52 ఏళ్లు ముందే. హోమియో అభిమానులు గర్వంగా చెప్పుకునే సంగతి ఇది. ఆలోచన ముందు వచ్చిందేమో గానీ, ప్రాణాలు నిలిపింది టీకానే. ఒకసారి రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతకడం దాదాపు లేదు. ప్రపంచంలోని రేబిస్ మరణాల్లో మూడో వంతుకు పైగా మన దేశంలోనే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కుక్క కరిస్తే సబ్బు పెట్టి ధారగా పావుగంట కడగాలి, ఆ వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పసరు, సున్నం, కారం వద్దు. మీ కుక్కకు ఏటా వేయించే టీకా బదులు ఏ నోసోడూ పనికిరాదు. ఈ విషయంలో నేను రెండో అభిప్రాయం వినను.

కుందేలు తిన్నది పిల్లి తినలేదు

బెల్లడోనా అనే విషపు మొక్క ఆకును కొన్ని కుందేళ్లు హాయిగా తింటాయి. అందులోని అట్రోపిన్‌ను విరగ్గొట్టే ఎంజైము వాటి రక్తంలో ఉంది. పిల్లి కథ దీనికి తలకిందులు. మాంసమే తిని బతికిన జంతువు కనుక మొక్కల రసాయనాలను కడిగి బయటికి పంపే యంత్రాంగంలో ఒక ముఖ్య భాగాన్ని దాని కాలేయం పోగొట్టుకుంది. అందుకే మనం జ్వరానికి వేసుకునే పారాసెటమాల్ మాత్ర ఒక్కటి చాలు, పిల్లి ప్రాణం తీయడానికి. చిగుళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి, ముఖం, పాదాలు ఉబ్బుతాయి. వెంటనే తీసుకెళితే అసిటైల్‌సిస్టీన్ అనే విరుగుడు ఉంది.

ఈ లోపం సహజమైనవాటినీ వదలదు. చర్మానికి మంచిదని సీసాల్లో అమ్మే టీ ట్రీ ఆయిల్ చిక్కటిది పూయడంవల్లా, నాకడంవల్లా జబ్బుపడ్డ కుక్కలూ పిల్లులూ అమెరికాలో ఒక్క విష సమాచార కేంద్రం రికార్డుల్లోనే పదేళ్లలో 443. చామంతి కుటుంబపు తెల్లపూల నుంచి వచ్చే పైరెత్రమ్ పాతకాలపు ‘సహజ’ పురుగుమందు. దాని నమూనాలో ఫ్యాక్టరీలో చేసిన పెర్మెత్రిన్ కుక్కల గోమార్లకు వాడతారు. అదే చుక్క పిల్లి మెడ మీద వేస్తే వణుకు, ఫిట్స్. ఇంట్లో రెండూ ఉంటే, మందు వేసిన కుక్క పక్కన పిల్లిని పడుకోనివ్వకూడదు.

చింతపండు కేసు

ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కల మూత్రపిండాలను చెడగొడతాయని ఇరవై ఏళ్లకు పైగా తెలుసు. ఎందుకో మాత్రం అంతుపట్టలేదు. ఒక కుక్క నాలుగు పండ్లకే పడిపోయేది, ఇంకోటి గుత్తి తిన్నా తిరుగుతూ ఉండేది. తీగ అందింది ఓ విచిత్రమైన కేసుతో. ఇంట్లో పిల్లల కోసం చేసిన ఆట పిండిముద్ద ఒక కుక్క మింగేసి, ద్రాక్ష తిన్న కుక్కలాగే జబ్బుపడింది. ఆ పిండిలో బేకరీలో వాడే క్రీమ్ ఆఫ్ టార్టార్ ఉంది. అమెరికాలోని జంతువుల విష సమాచార కేంద్రం వైద్యులు దాన్ని పట్టుకుని పాత రికార్డులు వెదికారు. చింతపండు తిని అలాగే మూత్రపిండాలు దెబ్బతిన్న కుక్కలు కనిపించాయి. ద్రాక్షకూ చింతపండుకూ ఉమ్మడిగా ఉన్నది టార్టారిక్ ఆమ్లం. ద్రాక్షలో దాని పాలు పండు రకాన్నిబట్టి, పక్వాన్నిబట్టి మారుతుంది, అందుకే కుక్కకో తీరు ఫలితం. 2021లో ఈ వాదన బయటికొచ్చింది.

అది చదివిన ఏ తెలుగువాడికైనా ముందు గుర్తొచ్చేది చారన్నమే. మన వీధికుక్కలు తరతరాలుగా మిగిలిన చారన్నం తిని బతకలేదా అంటే, బతికాయి. చారులో చింతపండు పలుచన, అన్నం ఎక్కువ. అలా బతికినవాటి మూత్రపిండాలు ఎలా ఉన్నాయో చూసినవాడూ లేడు. నా భయం చారు గురించి కాదు. పులిహోర గుజ్జు గిన్నె, ఎండబెట్టిన చింతపండు ముద్ద, చింతపండు చాక్లెట్ల పొట్లం గురించి. తిన్న కుక్క వాంతులు చేసుకుని, నీళ్లు తెగ తాగుతుంటే ‘అరగలేదులే’ అని వాము నీళ్లు పోసి ఊరుకోకండి.

అన్నం తిన్న తోడేలు, పెరుగన్నం పిల్లి

పిండి పదార్థాన్ని అరిగించే అమైలేజ్ జన్యువు ప్రతులు తోడేలులో రెండే. కుక్కల్లో నాలుగు నుంచి ముప్పై. స్వీడన్ పరిశోధకులు 2013లో లెక్కపెట్టారు. వేల ఏళ్లు మనిషి ఎంగిలి తిని తిని కుక్క ఒళ్లే మారింది. కాబట్టి అన్నంలో గుడ్డో, ఉడికించిన చికెనో, నాలుగు కూరగాయ ముక్కలో కలిపి పెట్టే ఇంటి తిండి దానికి పరాయిది కాదు.

పిల్లి అలా మారలేదు. టారిన్ అనే పదార్థం దాని ఒంట్లో సరిపడా తయారుకాదు, మాంసం నుంచే రావాలి. అది తక్కువైతే గుండె కండరం సడలి పెద్దదవుతుందని డేవిస్‌లోనే పాల్ పియాన్ బృందం 1987లో నిరూపించింది. కంటిచూపూ పోతుంది. శాకాహార ఇళ్లలో పాలు, పెరుగన్నం మీద పెరిగిన పిల్లులు ఎలా బతికాయంటే, గోడ దాటి వెళ్లి ఎలుకను, బల్లిని తినొచ్చి, ఏమీ ఎరగనట్టు వాకిట్లో కూర్చున్నాయి. ఎనిమిదో అంతస్తు ఫ్లాట్‌లో తలుపు వేసి పెంచే పిల్లికి ఆ వీలు లేదు. పాలు చూసి పారిపోయిన తెనాలి రామకృష్ణుడి పిల్లికి నిజానికి అన్యాయమేమీ జరగలేదు. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు.

గోమార్లు, వెల్లుల్లి, బొప్పాయి

వెల్లుల్లి తినిపిస్తే గోమార్లు పట్టవని చెబుతారు. గోమారు సంగతేమో గానీ, ఉల్లి, వెల్లుల్లిలోని గంధక పదార్థాలు కుక్క ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి, పిల్లిలో ఇంకా తేలిగ్గా. వండినా, పొడి చేసినా గుణం పోదు.

గోమార్ల వల్ల వచ్చే టిక్ ఫీవర్‌లో ప్లేట్‌లెట్లు పడిపోతాయి. డెంగీకి తాగినట్టే కుక్కకూ బొప్పాయి ఆకు రసం పోస్తున్నారు. రెండింటికీ పోలిక ఆ రక్తపరీక్ష కాగితం మీదే. డెంగీ వైరస్‌కు నేరుగా మందు లేదు. టిక్ ఫీవర్ తెచ్చే ఎర్లీషియా బ్యాక్టీరియాకు డాక్సీసైక్లిన్ ఉంది, వారాల తరబడి పూర్తిగా వాడాలి. గోమార్లను ఊడబీకడానికి కిరసనాయిలు, అగ్గిపుల్ల వద్దు. పట్టకారుతో చర్మం దగ్గర పట్టుకుని నిదానంగా లాగాలి. ఇంకో సంగతి, ఇవి కుక్క మీదకంటే గోడ పగుళ్లలోనే ఎక్కువకాలం కాపురం ఉంటాయి. ఒక్క ఆడది వేల గుడ్లు పెడుతుంది.

మరికొన్ని, టూకీగా

పుండులో పురుగులు పడితే సీతాఫలం ఆకు నూరి పెట్టడం మన ఊళ్ల వైద్యం. ఆకులోనూ గింజలోనూ పురుగును చంపే గుణం నిజంగానే ఉంది. గింజ పొడి కంట్లో పడితే మాత్రం నల్లగుడ్డు పైపొర ఊడి, చూపే దెబ్బతింటుంది.

కలబంద లోపలి గుజ్జు చల్లన. తొక్క కింది పసుపు పాలు విరేచనకారి. పూసిందల్లా నాకే జంతువుకు ఆ తేడా ముఖ్యం.

బట్టల బీరువాలో వేసే కలరా ఉండలు, గన్నేరు ఆకు, వాకిలి అందానికి పెంచే సైకస్ మొక్క గింజలు కుక్కను చంపగలవు. లిల్లీ జాతి పూల పుప్పొడి ఒంటికంటి, నాక్కున్నా చాలు, పిల్లి మూత్రపిండాలు పోతాయి.

విషం తిన్నదని ఉప్పునీళ్లు పోసి కక్కించబోతే, ఆ ఉప్పే మెదడు మీద పడి చంపిన సందర్భాలున్నాయి.

పనిచేసేవీ ఉన్నాయి. తేనెలో నీటి పాలు తక్కువ కాబట్టి పుండులో సూక్ష్మజీవులు బతకలేవు. శుద్ధిచేసిన వైద్య తేనెను పశువైద్యులు గాయాలకు వాడుతున్నారు. ముసలి కుక్కల కీళ్లనొప్పులకు చేపనూనెలోని ఒమేగా-3 కొంత ఉపశమనమిస్తుందని, బరువు కొలిచే పలకలు కూడా ఒప్పుకున్నాయి. మలబద్ధకం ఉన్న పిల్లికి ఇసబ్‌గోల్ పొట్టు తడి ఆహారంలో కలిపి పెట్టమని డాక్టర్లే రాస్తారు. ఉడికించిన తియ్యగుమ్మడి గుజ్జూ అదే పని చేస్తుంది, ఉప్పూ తాలింపూ లేకుండా. తీపి తెలియని పిల్లి దాన్ని వాసన చూసి వెళ్లిపోతే, ఆ గిన్నెకు తాలింపు పెట్టి మీరే కానివ్వండి.